గంట నిలవాల్సిన దీపాలు

నెలలో మొదటి సోమవారం పొద్దున పదింటికి సోములమ్మ మెయిన్ ఫ్యూజు పీకిందంటే, సత్యవతి మహల్లో ఆమెను తిట్టుకోని మనిషి ఉండేవాడు కాదు. పైన క్యాబిన్‌లో ఆపరేటర్ పైడిరాజు సగం చుట్టిన రీలు చేత్తో పట్టుకుని తిట్టుకునేవాడు. ఆఫీసు గదిలో మేనేజరు శివకుమార్, పాట మధ్యలో మూగబోయిన టేప్‌రికార్డరు వంక చూసి తిట్టుకునేవాడు. క్యాంటీన్ వాడైతే లోపల్లోపల తిట్టుకోవడం కాదు, బయటికి వచ్చి ఆమెకు వినబడేలాగే తిట్టేవాడు. కిటికీ ఒక్కటీ లేని ఆ సినిమా హాల్లో, నేల క్లాసుకీ కుర్చీ క్లాసుకీ మధ్యనున్న నడవలో ఆమె పీట వేసుకుని, ఒళ్లో అలారం గడియారం పెట్టుకుని కూర్చునేది. గోడలకు తొమ్మిది చిన్న దీపాలు. నాలుగు తలుపుల మీద నాలుగు ఎర్ర బోర్డులు. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ మీద అవి గంటసేపు వెలగాలి. ఆ గంటసేపూ ఆమె వాటిని చూస్తూ కూర్చోవాలి.

తిట్లకు ఆమె జవాబు చెప్పేది కాదు. అంతమాత్రాన పట్టనట్టు కాదు. లోపల కుతకుతా ఉడికిపోయేది.

సత్యవతి మహల్ అరకులోయలో రైల్వే గేటు దాటాక, సంతకు పోయే దారిలో ఉండేది. కట్టించినవాడు సర్వేశ్వరరావు. శృంగవరపుకోట వైపు నుంచి కొండెక్కి వచ్చి చింతపండు, కందులు, పిప్పళ్లు కొని కింద ఊళ్లలో అమ్మి బాగుపడ్డ షావుకారు. వాళ్లమ్మ పేరు మీద ఎనభై ఎనిమిదిలో ఈ హాలు కట్టాడు. శుక్రవారం సంతకు కొండలమీది ఊళ్ల నుంచి దిగివచ్చిన జనం, అమ్మేవి అమ్మి కొనేవి కొని, బుట్టలు మెట్ల దగ్గర పెట్టి మ్యాట్నీ చూసి, చీకటి పడకముందే కొండెక్కేవాళ్లు. ఆడవాళ్ల గేటు దగ్గర టికెట్లు చింపడానికి, టార్చి వేసి సీట్లు చూపించడానికి ఒక ఆడమనిషి కావలసి వచ్చింది. తొంభైలో ఆ పనికి కుదిరింది సోములమ్మ. కొండమీది ఊరి మనిషే. మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివింది. మొగుడు మంగ్లు కాఫీ తోటలో పనికి పోయేవాడు. పిల్లలు లేరు.

దీపాల పని ఆమె నెత్తికి చుట్టుకున్నది ఒక అబద్ధం వల్ల. తొంభై నాలుగులో విశాఖపట్నం నుంచి ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఒకాయన లైసెన్సు తనిఖీకి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మాటకు మాట తూచినట్టు మాట్లాడే మనిషి. ఎమర్జెన్సీ లైట్లు ఎవరు చూస్తారని అడిగాడు. చూసే ఎలక్ట్రీషియన్ ఆర్నెల్ల కిందటే మానేసి వెళ్లిపోయాడు. శివకుమార్ అటూ ఇటూ చూశాడు. చేతిలో టార్చితో నిలబడి ఉన్న సోములమ్మ కనబడింది. ఈవిడే చూస్తుందండీ అనేశాడు. ఆడమనిషి కదా, ఆయన నవ్వేసి ఊరుకుంటాడనుకున్నాడు కాబోలు. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. ఆమె పేరు, ఊరు అడిగి కాగితం మీద రాసుకుని, రా అమ్మా అని ఆమెను మెట్ల కింది గదిలోకి తీసుకెళ్లాడు.

అక్కడ రెండు లారీ బ్యాటరీలు, గోడకు ఒక చార్జరు ఉన్నాయి. బ్యాటరీల నెత్తిన తెల్లగా బూజులాగా పేరుకుపోయి ఉంది. గంటన్నర సేపు ఆయన ఆమెకు పాఠం చెప్పాడు. మూతలు తీసి ఎంతవరకు నీళ్లుండాలో చూపించాడు. మామూలు నీళ్లు కాదు, షాపులో కొన్న డిస్టిల్డ్ వాటరే పొయ్యాలన్నాడు. బ్యాటరీలోని ఆసిడ్ చేతికి తగిలితే కాలుతుందన్నాడు. చివరికి అసలు మాట చెప్పాడు.

“అమ్మా, వెలిగిందా లేదా అని కాదు చూడాల్సింది. ఎంతసేపు నిలిచిందో చూడాలి. చచ్చిన బ్యాటరీ కూడా మొదటి నిమిషం మహారాజులా వెలుగుతుంది. గంట నిలిస్తేనే అది దీపం. ఇక్కడ నీ పేరు రాశాను. రేపు ఏదైనా జరిగితే అడిగేది నిన్నే.”

ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు. కాగితం మీద పేరెక్కితే పోలీసులొస్తారన్న భయం కొండమీది వాళ్లకు పుట్టుకతో వచ్చేది. మంగ్లు విని, ఆ పని మానెయ్యమన్నాడు. మానేస్తే పేరు చెరిగిపోతుందా అని ఆమె అడిగింది. పేరు ఎలాగూ చెరగదు. కాబట్టి దీపాలు చూడటం మొదలుపెట్టింది. మొదట భయం కొద్దీ చూసింది. ఏడాది గడిచేసరికి అలవాటయింది. ఆ తరవాత అది పంతమైపోయింది.

పంతం రావడానికి కారణం మనుషులే. దీపాల్లోని బల్బులు చిన్నవి, ఇరవై నాలుగు వోల్టులవి. ఇంటికి తీసుకెళ్లి పెట్టుకుంటే ఠప్పుమని మాడిపోతాయి, ఎవరికీ దేనికీ పనికిరావు. అయినా నెలకు రెండో మూడో మాయమయ్యేవి. ఇంట్లో పెడితే పేలిపోతాయర్రా అని గేటు దగ్గర నిలబడి వచ్చేవాడికీ పోయేవాడికీ చెప్పింది. పేలతాయో లేదో చూద్దామని ఇంకో ఇద్దరు పట్టుకెళ్లారు. ఎర్ర బోర్డుల వెలుగు తెర మీద పడుతోందని ముందు వరస కుర్రాళ్లు వాటిమీద బీడీకట్టల కాగితాలు అంటించేవాళ్లు. ఆమె పీకేది, వాళ్లు అంటించేవాళ్లు. డిస్టిల్డ్ వాటర్ డబ్బా తెచ్చి గదిలో పెడితే, తాగడానికి శుభ్రమైన నీళ్లని చెప్పి క్యాంటీన్ వాడు టీలో పోశాడు. బ్యాటరీలో మాత్రం ఎవరో పుణ్యాత్ముడు బోరునీళ్లు నింపి పెట్టాడు.

పక్క తలుపులు ఇంకో తలనొప్పి. తెరకు దగ్గరగా కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి ఉండేవి. టికెట్టు లేకుండా కుర్రగుంటలు దూరిపోతున్నారని శివకుమార్ రెంటికీ బయట తాళాలు వేయించాడు. తాళం వేసిన తలుపు మీద బయటికి దారి అని ఎర్రదీపం వెలిగించడమేమిటని ఆమె అడిగింది. లైసెన్సుకి బోర్డు ఉండాలన్నారు కాబట్టి బోర్డు పెట్టాం, తలుపు తెరిచి ఉంచాలని బోర్డు మీద రాసుందా అని అతను ఎదురడిగాడు. అతనితో మాట్లాడటం కంటే రాతిబండతో మాట్లాడటం నయం. రాయి కనీసం ఎదురు చెప్పదు.

అన్నిటికన్నా ప్రాణం విసిగించేవి బ్యాటరీలే. ఊరూరా తిరిగి కొత్త బొమ్మ గురించి మైకులో చెప్పే ప్రచారం వ్యాను ఒకటి హాలుకి ఉండేది. దాని బ్యాటరీ నీరసించినప్పుడల్లా డ్రైవరు వచ్చి మెట్ల కింద నుంచి ఒకటి ఊడదీసుకుపోయేవాడు. రెండిట్లో ఒకటి లేకపోతే దీపాలు ఒక్కటి కూడా వెలగవు. మళ్లీ తెచ్చి పెట్టేస్తాం కదా అని వాడంటాడు. ఎప్పుడు తెస్తాడో వాడికే తెలియదు. ఆ గదికి తాళం వెయ్యమని సోములమ్మ ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. తలుపులకు రెండు తాళాలు వేయించిన మేనేజరుకి ఆ గదికి ఒక్క తాళం దొరకలేదు.

“కరెంటు రోజూ పోతూనే ఉంటాది. జనరేటరు లేస్తాది. ఇంక నీ దీపాలేటి, నీ గోలేటి,” అనేవాడు శివకుమార్.

జనరేటరు లేవడానికి మూడు నాలుగు నిమిషాలు పట్టేది. ఆ మూడు నిమిషాలూ దీపాలు వెలుగుతూనే ఉండేవి కాబట్టి, అవి బాగానే ఉన్నాయని అందరి నమ్మకం. జనరేటరు లేవని రోజు గురించి ఆలోచించేది ఆమె ఒక్కతే.

తొంభై ఎనిమిది ఆగస్టులో ఒక శుక్రవారం, సంతరోజు. కొత్త బొమ్మ. మూడు రోజులుగా ముసురు, కరెంటు వస్తూ పోతూ ఉంది. అందుకని సోములమ్మ పొద్దున్నే మెట్ల కింది గదిలోకి తొంగి చూసింది. ఒక బ్యాటరీ ఉంది. రెండోది ఉండాల్సిన చోట ఆసిడ్ మరక ఉంది. వ్యాను తెల్లారకుండానే పెదబయలు రోడ్డు ఊళ్లకు ప్రచారానికి వెళ్లిపోయిందని తెలిసింది. పదకొండు దాటాక మేనేజరు రాగానే ఆఫీసు గదిలోకి వెళ్లి చెప్పింది. సాయంత్రం ఆటకి వచ్చేస్తుందిలే అన్నాడు శివకుమార్. మ్యాట్నీకో అంది. అతను టికెట్ల కట్ట విప్పుకుంటూ తల ఎత్తలేదు. ఆమె అక్కణ్ణుంచి కదలలేదు. పక్క తలుపుల తాళాలైనా తియ్యమంది. హాలు నిండిపోతుందని, నడవలో సందు బెంచీలు కూడా వేశారని, ఏదైనా అయితే అడిగేది తననేనని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. పది నిమిషాలు విని, పోరు పడలేక అతను తాళాల గుత్తిలోంచి ఎడమ తలుపు తాళంచెవి తీసి ఆమె ముందు పడేశాడు. కుడివైపు సందులోంచే కుర్రాళ్లు దూరేది, అది మాత్రం ఇవ్వనన్నాడు. గుత్తి జేబులో వేసుకుని భోజనానికి వెళ్లిపోయాడు.

బయట వానలో సర్వేశ్వరరావు గారి కొత్త జీపు నిలబడి ఉంది. ఆయన సంతలో పిప్పళ్లు బేరమాడుతున్నాడు. ఆమె ఆ జీపు వంక కాసేపు చూసింది. తరవాత మెట్లెక్కి క్యాబిన్‌లోకి వెళ్లి పైడిరాజుని పానా అడిగింది. అతను ఆమె కన్నా ఐదేళ్లు చిన్న. అక్కను పిలిచినట్టు అప్పా అని పిలుస్తూనే ఆమె గంట పరీక్షల మీద ఊరంతా జోకులు చెప్పేవాడు.

“పానాతో ఏటి సేత్తావప్పా?”

“సావుకారి జీపు బేటరీ తీత్తాను. నువ్వు బేగి దిగి పట్టుకుంటే ఒక్క మోతలో పోతాది. లేకపోతే నాను ఈడ్సుకొత్తాను.”

అతను ఆమె మొహంలోకి చూశాడు. పానా తీసుకుని ముందు దిగాడు. ఇద్దరూ కలిసి బ్యాటరీ మోసుకొచ్చి మెట్ల కింద బిగించారు. మెయిన్ తీసి చూస్తే తొమ్మిది దీపాలు, నాలుగు బోర్డులు వెలిగాయి. గంటసేపు చూసే వ్యవధి లేదు. అప్పటికే జనం మెట్లమీద కమ్ముకుంటున్నారు.

రెండున్నరకు ఆట మొదలైంది. ఇంటర్వెల్ అయిన పావుగంటకు కరెంటు పోయింది. హాలంతా ఎప్పటిలాగే ఈలలు వేసింది. తెర వెనక, కుడివైపు గదిలో జనరేటరు దగ్గి, లేచి, బొమ్మ మళ్లీ పడింది. రెండు నిమిషాలు ఆడి ఉంటుంది. తెర వెనక ఫటఫటమని చప్పుడైంది. బొమ్మ పోయింది. దీపాలు వెలిగాయి. ఆడవాళ్ల గేటు దగ్గర నిలబడ్డ సోములమ్మ ముక్కుకి రబ్బరు కాలుతున్న కంపు తగిలింది. దీపాల వెలుగులో తెర కుడిమూల నుంచి నల్లటి పొగ పాములాగా పైకి పాకడం కనబడింది.

జనం ఇంకా ఈలలు వేస్తూనే ఉన్నారు. ఆమె వెనక గేటు రెండు రెక్కలూ తీసి, నడవలో ముందుకు పరిగెత్తి ఎడమ తలుపు గడియ లాగింది. తాళం ఆటకి ముందే తీసేసింది కాబట్టి అది తెరుచుకుంది. వాన చల్లగాలి లోపలికి కొట్టింది. లెగండి, ఇటు ఎల్లండి అని అరిచింది. పొగ అప్పటికి ముందు వరసల్లోకి దిగింది. ఎవరో దగ్గారు. దగ్గిన తరవాత గాని భయం పుట్టలేదు. పుట్టాక ఆగలేదు. నేల క్లాసులో కూర్చున్న వాళ్లు ఒక్కసారి లేచారు.

లేచినవాళ్లలో సగంమంది కుడివైపుకి పోయారు. అక్కడా ఎర్రదీపం వెలుగుతోంది మరి. బయటికి దారి అని చెబుతోంది. ఆ తలుపుకి బయట తాళం. ముందు చేరినవాళ్లు తలుపు తోస్తున్నారు. వెనకవాళ్లు వాళ్లను తోస్తున్నారు. పొగ వస్తున్నది కూడా ఆ పక్కనుంచే. అటు కాదర్రా అని ఆమె ఎంత అరిచినా ఆ గోలలో ఎవరికీ వినబడలేదు. చంకలో బిడ్డతో ఉన్న ఒక ఆడమనిషి గోడకి నొక్కుకుపోతోంది.

ఆ ఎర్ర బోర్డును ఆమె నాలుగేళ్లుగా తుడిచింది. బల్బు పోయినప్పుడల్లా మార్చింది. అంటించిన కాగితాలు గోళ్లతో గీకింది. ఇప్పుడు సందు బెంచీ ఒకటి లాగి, దానిమీదెక్కి, టార్చి వెనక భాగంతో ఆ బోర్డును రెండు దెబ్బలు కొట్టింది. అద్దం పగిలింది. మూడో దెబ్బకి బల్బు పోయింది. ఆ మూల చీకటైపోయింది.

చీకట్లోకి ఎవడూ తోసుకురాడు. వెనకవాళ్లు ఆగారు. తల తిప్పి చూశారు. అవతల, నడవకి అటువైపు ఎడమ తలుపు మీద ఎర్రదీపం కనబడింది. తెరిచి ఉన్న రెక్కల్లోంచి పగటి వెలుగు కూడా కనబడింది. మంద మళ్లినట్టు జనం అటు మళ్లారు. సోములమ్మ బెంచీ దిగి గోడకి నొక్కుకున్న మనిషిని రెక్క పట్టుకుని లాగింది. బిడ్డను తను ఎత్తుకుంది. గోడల మీది దీపాల వెంబడే వాళ్లందరినీ ఎడమ తలుపు దగ్గరకు తోలింది. పైడిరాజు అప్పటికి కిందకి దూకి ఇసుక బాల్టీలు పట్టుకుని జనరేటరు గదిలోకి వెళ్లాడు.

నిమిషాలెన్ని పట్టాయో ఆమెకు తెలియదు. మళ్లీ లోపలికి వెళ్లి బెంచీల కింద టార్చి వేసి చూసింది. చెప్పులున్నాయి, రెండు గొడుగులున్నాయి, చితికిపోయిన అరటిపళ్ల సంచి ఉంది. మనిషన్నవాడు లేడు. ఒకడికి చెయ్యి బెణికింది, ఇద్దరు ముగ్గురికి మోకాళ్లు దోక్కుపోయాయి. అంతే.

ఆమె దగ్గుతూ బయటికి వచ్చేసరికి నాలుగు వందలమంది వానలో నిలబడి ఉన్నారు. వాళ్లు కళ్లొత్తుకుని దండం పెడతారని ఆమె అనుకోలేదు గాని, తిడతారని కూడా అనుకోలేదు. పొగ అప్పటికి తగ్గిపోయింది. పైడిరాజు ఇసుక పోసి మంట ఆర్పేశాడు. కాలింది జనరేటరు వైర్లు, తెరలో ఒక మూల. ఇంత దానికి బొమ్మ మధ్యలో లేపేసిందని, తడిసిపోయామని, చెప్పులు పోయాయని, బొమ్మ మళ్లీ ఎప్పుడు వేస్తారని ఆమెనే అడిగారు. బిడ్డ తల్లి కూడా బిడ్డను తీసుకుని, తన గొడుగు లోపలుందని చెప్పింది. సోములమ్మ వెళ్లి గొడుగు తెచ్చిచ్చింది.

అంతలో సంతలోంచి సర్వేశ్వరరావు గొడుగు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చాడు. ఫైరింజనుకి ఫోను చెయ్యాలని జీపెక్కి తాళం తిప్పాడు. టిక్కుమని కూడా అనలేదు. బానెట్ ఎత్తి చూసి, ఖాళీ వంక చూసి, చుట్టూ ఉన్న మొహాలు చూశాడు.

“నా బ్యాటరీ ఏదే?”

“లోపలుంది బాబూ. ఆ ఎలుగు దాందే.”

తెరిచి ఉన్న ఎడమ తలుపులోంచి ఖాళీ హాలు కనబడుతోంది. గోడల మీద తొమ్మిది దీపాలు నిలకడగా వెలుగుతున్నాయి. ఆయన వాటిని చూస్తూ కాసేపు నిలబడ్డాడు. మెచ్చుకోలేదు, తిట్టలేదు. శివకుమార్ అప్పుడే భోజనం చేసి, ఓ కునుకు కూడా తీసి, తాళాల గుత్తి తిప్పుకుంటూ వచ్చాడు. ఆయన తిట్లన్నీ అతనికి దక్కాయి.

ఆ ఒక్క రోజే ఆమెకు కొంచెం తృప్తి. మూడో రోజు పేపరు జిల్లా పేజీలో వార్త వచ్చింది. మేనేజరు సమయస్ఫూర్తి వల్ల పెను ప్రమాదం తప్పిందని రాశారు. శివకుమార్ దాన్ని కత్తిరించి ఆఫీసు గోడకి అంటించాడు. వారం తిరక్కుండా సోములమ్మకు ఒక కాగితం ఇచ్చాడు. కుడివైపు ఎర్ర బోర్డు ఎందుకు పగలగొట్టావో రాతపూర్వకంగా సంజాయిషీ చెప్పాలట. ఆమె కాగితం వెనకవైపు, తలుపుకి తాళం ఉన్నందున అని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టి ఇచ్చింది.

నెలాఖరుకి విచారణకని ఒక అధికారి వచ్చాడు. పాత ఇన్‌స్పెక్టర్ బదిలీ అయిపోయాడు. ఈయన వేరే మనిషి, కాస్త బొద్దుగా, చేతిలో రుమాలుతో. శివకుమార్ ఆయన ముందు రిజిస్టరు పెట్టాడు. సోములమ్మకు అలాంటి రిజిస్టరు ఒకటుందని అదే తెలియడం. ఆమె ఇన్నేళ్లూ గోడ క్యాలెండరు మీద తేదీ పక్కన ఎన్ని నిమిషాలు నిలిచాయో పెన్సిలుతో గీసుకునేది. రిజిస్టరు నిండా చక్కటి నీలిసిరా అక్షరాలు. ప్రతి నెలా ఒకటే మాట, తనిఖీ చేయబడినది, బాగున్నది. నాలుగేళ్లదీ ఒకే కలంతో, ఒకే వరసలో, ఒకే పూట కూర్చుని రాసినట్టుంది. అధికారి పేజీలు తిప్పి చాలా బాగా నిర్వహించారన్నాడు.

పక్కన నిలబడ్డ సోములమ్మ మెడ సాచి చూసింది. ఒకచోట వేలు పెట్టింది.

“బాబూ, పిబ్రవరిలో ముప్పయ్యో తారీకు వొచ్చినాదేటి?”

అధికారి చూశాడు. శివకుమార్ చూశాడు. అధికారి రుమాలుతో మెడ తుడుచుకుని, మరి పరీక్ష చేసేది ఎవరని అడిగాడు. నానే అంది. ఎలా చేస్తావో చూపించమన్నాడు. నాలుగేళ్లలో చూపించమని అడిగిన మొదటి మనిషి ఆయన. ఆమెకు కాళ్లు నేలమీద ఆనలేదు. పీట తెచ్చింది. ఆయనకు కుర్చీ వేసింది. అలారం గడియారం ఇద్దరి మధ్యా పెట్టింది. మెయిన్ తీసింది. ఏ దీపం ఏ లైను మీద ఉందో, వెలుగు ఎర్రబారితే బ్యాటరీలో ఏం జరుగుతుందో, వానాకాలంలో ఏ దీపంలో చెమ్మ పడుతుందో అన్నీ చెప్పింది. ఆయన తల ఊపాడు. పది నిమిషాలయ్యాక గడియారం చూశాడు. పన్నెండో నిమిషంలో లేచాడు. కిరండోల్ ప్యాసింజరు అందుకోవాలట.

ఇంకా నలభై ఎనిమిది నిమిషాలుందని ఆమె చెప్పింది. నువ్వు చూస్తావుగా అమ్మా అని ఆయన నవ్వి, కాగితం మోకాలి మీద పెట్టుకుని రాశాడు. నా సమక్షంలో ఒక గంటసేపు పరీక్షించబడినది, బాగున్నది.

ఆయన వెళ్లిపోయాక ఆమె మళ్లీ పీటమీద కూర్చుంది. కోపం కూడా రాలేదు. ఒంట్లో ఉన్నదంతా ఎవరో తోడేసినట్టుంది. నేనొక్కదాన్నే పిచ్చిదాన్నా అని మొదటిసారి అనిపించింది. కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పైడిరాజు వచ్చి అధికారి వదిలిపోయిన కుర్చీలో కూర్చున్నాడు. జోకు వెయ్యలేదు. క్యాంటీన్ నుంచి రెండు టీలు చెప్పాడు. ఆ గంట పూర్తయ్యేదాకా కూర్చున్నాడు. ఇంకో పావుగంట కూడా కూర్చున్నాడు, ఎంతవరకు పోతాయో చూద్దామని.

మంచి కూడా కొంత జరిగింది, చెప్పకపోతే తప్పు. సర్వేశ్వరరావు ఎవరితోనూ ఏమీ అనకుండా వ్యానుకి వేరే బ్యాటరీ కొన్నాడు. కుడి తలుపుకి బయటి తాళం తీయించి లోపల గడియ పెట్టించాడు. టికెట్టు లేని కుర్రాళ్లు దూరుతున్నారని శివకుమార్ సణిగితే, దూరితే దూరనీ అన్నాడు. మెట్ల కింది గదికి తాళం మాత్రం అప్పుడు కూడా పడలేదు. చివరికి సోములమ్మే సంతలో ఒకటి కొని వేసుకుంది.

ఆ తరవాత కాలం మారింది. ఊళ్లోకి కేబుల్ వచ్చింది, సీడీలు వచ్చాయి. బొర్రా గుహలు చూడటానికి వచ్చే టూరిస్టులు పెరిగారు గాని, సినిమా చూసేవాళ్లు తగ్గారు. సంతరోజు మ్యాట్నీకి కూడా సగం కుర్చీలు ఖాళీగా ఉండేవి. ఇరవైమంది వచ్చే హాల్లో ఆమె అదే పద్ధతిలో గంటసేపు పరీక్ష చేస్తూనే వచ్చింది. ఇరవైమందికి చీకటి తక్కువగా ఉంటుందా అనేది. రెండువేల ఐదులో హాలు మూసేశారు. తొమ్మిది దీపాలూ పాత సామాన్ల వాడికి వెళ్లిపోయాయి. పైడిరాజు విజయనగరంలో ఏదో షాపులో పనికి కుదిరాడు.

మరుసటి ఏడాది సోములమ్మ ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల ఒకదాంట్లో ఆయాగా చేరింది. వార్డెను ఫ్లోరెన్స్ టీచరు మంచి మనిషి, పిల్లలంటే ప్రాణం పెట్టేది. మొదటి రోజు భవనమంతా తిప్పి చూపించింది. పిల్లలు పడుకునే గదులు మేడ మీద ఉన్నాయి. కిందికి దిగడానికి ఒకటే మెట్లదారి. అక్కడ గోడకి ఆరు ఎమర్జెన్సీ లైట్లు వరసగా ఉన్నాయి. ఒకదాని ప్లగ్గు పీకి ఉంది, ఆ సాకెట్‌లో సెల్‌ఫోన్ చార్జింగ్ పెట్టి ఉంది. ఒకదాని మీద తువ్వాలు ఆరేసి ఉంది. సోములమ్మ అక్కడే ఆగిపోయింది. ఇవి పని చేస్తాయా మేడం అని అడిగింది. ఫ్లోరెన్స్ టీచరు బటన్ నొక్కి చూపించింది. తెల్లగా, ధగధగా వెలిగింది.

సోములమ్మకు చాలా కాలంగా మరిచిపోయిన మంట ఒకటి అరికాలి నుంచి పైకి లేచింది. కొత్తలో చేరిన మనిషి కదా, నోరు మూసుకుందామని చూసింది. మూడు రోజులు ఆగగలిగింది. నాలుగో రోజు, పిల్లలు క్లాసుల్లో ఉండగా, వార్డెను దగ్గరకు వెళ్లి ఒక్క గంట మెయిన్ తియ్యనివ్వమని అడిగింది. ఎందుకంటే చెప్పింది. టీచరు నమ్మలేకపోయినా సరేనంది. ఆరు దీపాలూ మహారాజుల్లా వెలిగాయి. నాలుగు నిమిషాలకు ఒకటి పోయింది. ఎనిమిదికి ఇంకో మూడు పోయాయి. పదిహేనో నిమిషంలో మెట్లదారి మొత్తం మసకబారింది. పైన నూట ఎనభైమంది పిల్లలు పడుకుంటారు. ఫ్లోరెన్స్ టీచరు మెట్ల మీద కూర్చుండిపోయింది.

ఆ సాయంత్రమే ఇద్దరూ కలిసి పై ఆఫీసుకి కాగితం రాశారు. ఆరు బ్యాటరీలు కావాలని, సైజు ఇదని సోములమ్మ దీపం విప్పి కొలిచి చెప్పింది. టీచరు అందంగా రాసింది. కాగితం వెళ్లింది. గుర్తు చేస్తూ ఇంకో రెండు వెళ్లాయి. బ్యాటరీలు వచ్చేదాకా ఎవరి మీదా ఆధారపడకుండా, ప్రతి గది గుమ్మం దగ్గర ఒక టార్చి మేకుకి తగిలించి, పెద్దపిల్లల్లో ఎవరెవరు ఏ గది వాళ్లను దించాలో సోములమ్మ పేర్లు రాసి అంటించింది. పిల్లలకు కళ్లు మూసుకుని మెట్లు దిగడం నేర్పింది. వాళ్లకది ఆటైపోయింది.

ఎనిమిది నెలలకు బ్యాటరీల పెట్టె వచ్చింది. సోములమ్మ కత్తిపీటతో తాడు కోసి, ఒకటి తీసి దీపం గూట్లో పెట్టి చూసింది. పట్టలేదు. అడ్డంగా పెట్టింది, అప్పుడూ పట్టలేదు. పెట్టె మీది సైజు చదివింది, వేరేదేదో ఉంది. కాసేపు ఆ పెట్టె పక్కనే నేలమీద కూర్చుంది. తరవాత లేచి, తెల్లకాగితం తీసుకుని ఫ్లోరెన్స్ టీచరు గదికి నడిచింది.